మామిడిపండు పొరుగుకాయతో ఏం చెబుతుంది?

వేసవి సెలవుల్లో మీరు ఎప్పుడైనా హైదరాబాదు వెళ్ళారా? వెళితే చార్మినారు చూసి వెనక్కి వచ్చేయకండి. అక్కడికి తూర్పున యాకుత్‌పురా అనే పేట ఉంది. యాకుత్ అంటే కెంపు. పేరు అంత ఘనంగా ఉన్నా పేట మాత్రం సామాన్యుల పేటే. ఒక చిన్న రైల్వే స్టేషను, ఇరుకు గల్లీలు, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసినట్టు ఆనుకొని ఉండే ఇళ్ళు. మే నెలలో ఆ ఇళ్ళలో ఏదో ఒక ఇంటి గడప దాటగానే తీయని వాసన గుప్పుమంటుంది. మంచం కింద ఎండుగడ్డి పరిచి, దానిమీద పచ్చి మామిడికాయలు వరుసగా పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పి ఉంటారు. కాయలు మాగబెట్టడం అంటే ఇదే.

ఆ ఇంటి పెద్దావిడ, పిల్లలకు నానీ, కాయల మధ్య ఒక పండిన పండును కూడా పెడుతుంది. "ఎందుకు నానీ?" అని అడిగి చూడండి. "ఒకటి పండితే దాన్ని చూసి మిగతావీ పండుతాయి బేటా" అంటుంది. మన పల్లెల్లో అమ్మమ్మలు కూడా ఇదే మాట అంటారు. గడ్డికి బదులు బియ్యం డబ్బాలోనో, వడ్ల బస్తాలోనో పెడతారు, అంతే తేడా.

నానీ చెప్పిన మాటలో చిన్న సవరణ ఒక్కటే కావాలి. కాయలకు కళ్ళు లేవు కనుక అవి పండును చూడవు. పండులోంచి వచ్చే ఒక వాయువును పీలుస్తాయి. ఆ వాయువు పేరు ఎథిలీన్. మొక్కలలో పనిచేసే హార్మోనులలో ఇది ఒకటి. హార్మోనులలో వాయురూపంలో ఉన్నది ఉందంటే ముందు శాస్త్రజ్ఞులే నమ్మలేకపోయారు.

దీని కథ వీధి దీపాలతో మొదలైంది. పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపా నగరాలలో వీధి దీపాలు బొగ్గు నుంచి తీసిన గ్యాసుతో వెలిగేవి. గొట్టాలు భూమిలో ఉండేవి. ఎక్కడైనా గొట్టం చిల్లుపడితే ఆ పక్కనున్న చెట్ల ఆకులు అకాలంగా రాలిపోయేవి. జర్మనీలో ఈ సంగతి 1864లోనే రాసి పెట్టారు. గ్యాసులో ఏ పదార్థం ఈ పని చేస్తోంది? దీనికి జవాబు 1901లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దొరికింది. నెల్యుబోవ్ అనే యువకుడు ప్రయోగశాలలో చీకట్లో బఠాణీ మొలకలు పెంచుతుంటే, అవి నిలువుగా పెరగక లావెక్కి అడ్డంగా పాకసాగాయి. ఆ కుండీలనే బయటి గాలిలో పెడితే మొలకలు చక్కగా నిలువుగా పెరిగాయి. అంటే తప్పు విత్తనానిది కాదు, గదిలోని గాలిది. ప్రయోగశాలలో వెలిగే గ్యాసు దీపాల నుంచి వచ్చిన ఎథిలీన్ ఇందుకు కారణమని అతడు నిరూపించాడు.

ఇంకో ముచ్చట వినండి. అమెరికాలోని కాలిఫోర్నియాలో నిమ్మకాయల వ్యాపారులు ఆకుపచ్చ కాయలను గదుల్లో పెట్టి కిరోసిన్ స్టవ్వులు వెలిగించేవారు. కాయలు పసుపురంగుకు తిరిగేవి. వేడి వల్లే రంగు వస్తోందని వాళ్ళ నమ్మకం. తర్వాత స్టవ్వులు తీసేసి మరో విధంగా గదిని వేడిచేస్తే కాయలు పచ్చగానే ఉండిపోయాయి! రంగు తెచ్చింది వేడి కాదు, స్టవ్వు పొగ. ఆ పొగలోని ఎథిలీన్ ఈ పని చేస్తుందని 1924లో డెన్నీ అనే శాస్త్రజ్ఞుడు తేల్చాడు. మరి పదేళ్ళకు, 1934లో, ఇంగ్లండులో గేన్ అనే ఆయన, పండుతున్న ఆపిల్ పళ్ళు స్వయంగా ఎథిలీన్‌ను తయారుచేసి బయటికి వదులుతాయని చూపాడు. అంతవరకూ దీపాల గ్యాసులోనూ స్టవ్వు పొగలోనూ ఉండే బయటి వస్తువు అనుకున్నది, చెట్టు సొంత సరుకేనని తేలింది.

ఇప్పుడు గడ్డిలో కాయల దగ్గరికి వద్దాం. పండిన పండు ఎథిలీన్ వదులుతుంది. పక్క కాయ దాన్ని గ్రహించి తానూ ఎథిలీన్ తయారుచేయడం మొదలుపెడుతుంది. దాన్ని దాని పక్క కాయ గ్రహిస్తుంది. గల్లీలో ఒక ఇంట్లో పుట్టిన కబురు సాయంత్రానికి చివరి ఇంటికి చేరినట్టు బుట్ట అంతటికీ కబురు చేరుతుంది. ఎండుగడ్డి ఆ వాయువును చప్పున చెదిరిపోనివ్వదు, వెచ్చదనాన్నీ నిలుపుతుంది. కబురు అందిన కాయలో ఎంజైములు పనిలోకి దిగుతాయి. పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, పులుపు తగ్గుతుంది, గుజ్జు మెత్తబడుతుంది, తోలులోని ఆకుపచ్చ వన్నె తగ్గి పసుపు బయటపడుతుంది.

అయితే అన్ని పళ్ళూ ఈ మాట వినవు. మామిడి, అరటి, జామ, బొప్పాయి, సీతాఫలం వంటివి కోసిన తర్వాత కూడా పండుతాయి. ద్రాక్ష, బత్తాయి, దానిమ్మ అలా కాదు. చెట్టు మీద ఎంత తియ్యబడితే అంతే. నిమ్మకాయకు కూడా ఎథిలీన్ వల్ల రంగు మారుతుందే తప్ప లోపల కొత్తగా పండేది ఏమీ లేదు.

మొక్కకు నరాలు లేవు. మెదడు లేదు. మన ఒంట్లో ఉన్నట్టు హార్మోనుల కోసం ప్రత్యేకమైన గ్రంథులూ లేవు. అయినా వేరుకు, కొమ్మకు, మొగ్గకు మధ్య కబుర్లు నడుస్తూనే ఉంటాయి. ఈ సంగతిని మొదట పసిగట్టినవాడు ఛార్లెస్ డార్విన్. పరిణామ సిద్ధాంతం చెప్పిన డార్వినే. ఆయన తన కుమారుడు ఫ్రాన్సిస్‌తో కలిసి గడ్డి మొలకల మీద ప్రయోగాలు చేసి 1880లో ప్రకటించాడు. మొలక వెలుతురు వైపు వంగుతుందని మీకు తెలుసు. మొలక కొనకు చిన్న టోపీ పెట్టి చీకటి చేస్తే అది వంగదు! వంగే చోటు కొనకు కిందనే ఉంది. దానికి వెలుతురు బాగానే తగులుతోంది. అయినా వంగలేదు. అంటే కొన వెలుతురును గుర్తించి కిందికి ఏదో కబురు పంపుతోందన్నమాట.

ఆ కబురు మోసే పదార్థాన్ని 1926లో హాలండు దేశపు ఫ్రిట్స్ వెంట్ పట్టుకున్నాడు. ఓట్స్ మొలకల కొనలు కోసి, అగర్ అనే జిగురు ముక్కల మీద కొంతసేపు ఉంచాడు. తర్వాత ఆ ముక్కను, కొన లేని మొలక మీద ఒక పక్కకు పెట్టాడు. చీకట్లోనే మొలక రెండో పక్కకు వంగింది! కొనలోని పదార్థం జిగురులోకి దిగి, అక్కడి నుంచి మొలకలోకి పోయి, ఆ పక్క కణాలను సాగదీసిందన్నమాట. దానికి ఆక్సిన్ అని పేరు పెట్టారు.

హార్మోను ఎంత కావాలో తెలిస్తే ఆశ్చర్యపోతారు. మన మిరప రైతుల సంగతే తీసుకోండి. పూత రాలుతుంటే ప్లానోఫిక్స్ అనే మందు కొడతారు. అందులో ఉండేది ఆక్సిన్‌ను పోలిన కృత్రిమ పదార్థం, నూటికి నాలుగున్నర పాళ్ళు మాత్రమే. నాలుగున్నర లీటర్ల నీళ్ళకు ఒక మిల్లీలీటరు కలపాలని వ్యవసాయాధికారులు చెబుతారు. లెక్క కట్టండి. ఒక మిల్లీలీటరులో 45 మిల్లీగ్రాముల అసలు పదార్థం. అది నాలుగున్నర లీటర్లలో కలిస్తే లీటరుకు 10 మిల్లీగ్రాములు. అంటే పది లక్షల పాళ్ళలో పది పాళ్ళు! దీన్నే 10 పి.పి.ఎం. అంటారు. ఆ కాస్తకే తొడిమ దగ్గర విడిపోయే పొర త్వరగా ఏర్పడదు, పూత నిలుస్తుంది. మామిడి పిందెలు రాలకుండా కూడా ఇలాగే చల్లుతారు.

"కాస్త ఎక్కువ కొడితే ఇంకా మంచిది కదా" అనే రైతులు ఉన్నారు. ఇక్కడే ప్రమాదం. ఆక్సిన్ జాతికి చెందిన 2,4-డి అనే పదార్థాన్ని ఎక్కువ మోతాదులో చల్లితే వెడల్పాకుల కలుపు మొక్కలు మెలికలు తిరిగి చచ్చిపోతాయి. వరి మాత్రం తట్టుకుంటుంది. అందుకే వరి చేలో దాన్ని కలుపుమందుగా వాడతారు. కానీ గాలికి ఆ తుంపర పక్కనున్న పత్తి చేను మీద పడితే పత్తి ఆకులు వికారంగా ముడుచుకుపోతాయి. పూతను నిలిపే పదార్థమూ, మొక్కను చంపే పదార్థమూ ఒకే కుటుంబం అన్నమాట.

రెండో హార్మోను జిబ్బరెలిన్. ఇది ఒక వరి తెగులు వల్ల బయటపడింది. జపానులో కొన్ని వరి మొలకలు మిగతావాటి కంటే అమాంతం ఎత్తుగా, పాలిపోయి, బలహీనంగా పెరిగి గింజ పట్టకుండానే పడిపోయేవి. రైతులు దాన్ని "తెలివిలేని మొలక" అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. 1926లో తైవాన్‌లో కురొసావా అనే జపాను శాస్త్రజ్ఞుడు, ఆ మొలకల మీద బతికే ఒక బూజు స్రవించే పదార్థమే ఈ పొడవుకు కారణమని చూపాడు. బూజు లేకపోయినా, అది పెరిగిన ద్రవాన్ని వడగట్టి పోస్తే చాలు, మొలకలు పొడుగెక్కాయి. ఆ పదార్థమే జిబ్బరెలిన్. మొక్కలన్నీ తమకు కావలసినంత సొంతంగా తయారు చేసుకుంటాయని తర్వాత తెలిసింది. బూజు దాన్ని మితిమీరి పోసిందంతే.

ఇక్కడ ఒక తమాషా ఉంది. 1966లో విడుదలైన ఐ.ఆర్.8 వరి పేరు మీ తాతగారిని అడిగితే చెబుతారు. మరుసటి ఏడు, 1967లో, పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే రైతు దాన్ని సాగుచేసి మన రాష్ట్రంలో వ్యాపింపజేసినవారిలో ముందు నిలిచాడు. పాత రకాలకు ఎరువు ఎక్కువ వేస్తే ఏపుగా ఎదిగి, గాలికి పడిపోయేవి. ఐ.ఆర్.8 పొట్టిది. కంకి బరువుగా ఉన్నా నిలబడేది. అది ఎందుకు పొట్టిది? ఈ ప్రశ్నకు సరైన జవాబు 2002లో గాని రాలేదు. జిబ్బరెలిన్ తయారీకి కావలసిన ఒక జన్యువు దానిలో దెబ్బతిని ఉంది! హార్మోను తగ్గింది, కాండం పొట్టిదైంది. ఆ పొట్టి గుణం ఇచ్చిన రకం కూడా తైవాన్ దే. జిబ్బరెలిన్ ఎక్కువై పడిపోయిన వరి, తక్కువై నిలబడిన వరి, రెంటి జాడా ఒకే దీవిలో దొరకడం విచిత్రం కదూ!

ఇక హైదరాబాదు ద్రాక్ష. ఇది పాతబస్తీ పెద్దలకు ఇష్టమైన కబురు. అనాబ్-ఎ-షాహీ, అంటే రాజద్రాక్ష. దీన్ని 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన హైదరాబాదుకు తెచ్చాడని చెబుతారు. పెద్ద పెద్ద గుత్తులు, లేత పసుపు పండ్లు, నోరూరించే రసం. ఒకనాడు హైదరాబాదు చుట్టుపక్కల ద్రాక్ష పందిళ్ళు ఎన్నో ఉండేవి. ఊరు పెరిగి, వాటిలో చాలా భాగం ఇళ్ళ స్థలాలైపోయింది. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం మాత్రం ఉంది.

అనాబ్-ఎ-షాహీలో గింజలు ఉంటాయి. ఈ గింజలే పండు లావెక్కడానికి కారణం! పెరుగుతున్న గింజ జిబ్బరెలిన్ వంటి హార్మోనులను తయారుచేసి చుట్టూ ఉన్న గుజ్జుకు అందిస్తుంది. మరి గింజలేని ద్రాక్ష మాటేమిటి? థామ్సన్ సీడ్‌లెస్ అనే రకం తింటే హాయి, కాని దానంతటదే పెరిగితే పండు చిన్నది. లోపల హార్మోను ఇచ్చే గింజ లేదు మరి. 1950ల చివర కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు ఆ లోటును బయటి నుంచి పూడ్చారు. గింజ ఇవ్వవలసినదాన్ని మనిషి ఇచ్చాడన్నమాట. ఇప్పుడు మన రైతులు కూడా పిందె దశలో ఒక్కొక్క గుత్తినీ జిబ్బరెలిన్ ద్రావణంలో ముంచి తీస్తారు. ఆ తెల్లపొడి నీటిలో సరిగా కరగదు కనుక ముందు కాస్త ఆల్కహాలులో కరిగించి తర్వాత నీళ్ళు కలుపుతారు. ఒక గ్రాము పొడిని 25 లీటర్లలో కలిపితే 40 పి.పి.ఎం. అవుతుంది. పండ్లు పొడవుగా, లావుగా వస్తాయి. పూతకు ముందే కొద్దిగా చల్లితే గుత్తి కాడ సాగి, పండ్లు ఒకదాన్నొకటి నొక్కుకోకుండా వదులుగా ఉంటాయి, గాలి ఆడుతుంది, కుళ్ళు తగ్గుతుంది. మోతాదు మించితే కాడలు మొద్దుబారతాయి, కోసిన తర్వాత పండ్లు గుత్తి నుంచి రాలిపోతాయి, పై ఏడు పూత వచ్చే మొగ్గలూ తగ్గుతాయి.

ఇంకా రెండు హార్మోనుల పేర్లు చెప్పి ముందుకు పోదాం. కణాలు విభజన చెందేలా చేసేవి సైటోకైనిన్లు. వీటిలో మొదటిది 1955లో అమెరికాలో దొరికింది. ఎక్కడనుకున్నారు? హెర్రింగ్ అనే చేప వీర్యంలోని డి.ఎన్.ఎ. నుంచి! కొబ్బరినీళ్ళలోనూ ఇవి ఉంటాయి. అందుకే మొక్క ముక్కలను సీసాల్లో పెంచే ప్రయోగశాలలలో కొబ్బరినీళ్ళు వాడతారు. ఇక అబ్సిసిక్ ఆమ్లం మిగతావాటికి భిన్నం. ఎండాకాలంలో నీళ్ళు చాలకపోతే ఆకుల రంధ్రాలు మూసేయమని చెప్పేది ఇదే.

ఇప్పుడు మళ్ళీ మామిడి దగ్గరికి. యాకుత్‌పురాకు దగ్గరలోనే మీరాలం మండీ ఉంది. అలాంటి బజార్లలో ఏప్రిల్ మొదట్లోనే నిగనిగలాడే పసుపు మామిడిపళ్ళు కనిపిస్తాయి. కోసి చూస్తే లోపల పచ్చిగా, పుల్లగా, గింజ చుట్టూ గట్టిగా ఉంటుంది. ఏమిటీ మోసం? వ్యాపారి కాయల మధ్య కాగితపు పొట్లాలు పెట్టి ఉంటాడు. బజారు భాషలో దానికి "మసాలా" అని ముద్దుపేరు. అసలు పేరు కాల్షియం కార్బైడు. వెల్డింగు దుకాణాలలో వాడేది ఇదే. దానికి తేమ తగిలితే ఎసిటిలీన్ వాయువు పుడుతుంది. ఎసిటిలీన్ అణువు ఎథిలీన్ అణువును కొంచెం పోలి ఉంటుంది. కాయ దాన్ని చూసి మోసపోతుంది. ఎథిలీన్ రాసిన ఉత్తరం అనుకొని రంగు మార్చేస్తుంది. కాని ఇది దొంగ సంతకం. అసలుదానితో పోలిస్తే కనీసం వంద రెట్లు ఎక్కువ ఉంటే గాని పనిచేయదు. అందుకే పొట్లాలు పొట్లాలు పెడతారు. పైగా బజారులో దొరికే కార్బైడు శుద్ధమైనది కాదు. దానిలో ఆర్సెనిక్, భాస్వరం ఉంటాయి. వాటి విషవాయువులు కూడా ఎసిటిలీన్‌తో పాటే వస్తాయి. తినేవాడి సంగతి సరే, ముందు దెబ్బ తగిలేది ఆ గదుల్లో రోజంతా బుట్టలు మోసే కూలీకి. చేతులు, కళ్ళు, గొంతు మండుతాయి. ఎసిటిలీన్ మండే వాయువు కూడా. కనుక ఎక్కడైనా ఆ బూడిదరంగు రాళ్ళు కనిపిస్తే సరదాకైనా ముట్టుకోకండి, నీళ్ళు పోయకండి.

పళ్ళు మాగబెట్టడానికి కార్బైడు వాడటం మన దేశంలో చట్టవిరుద్ధం. పాత ఆహార కల్తీ నిరోధక నిబంధనలలోనూ ఉంది, 2011 నాటి కొత్త నిబంధనలలోనూ ఉంది. అయినా వాడకం ఆగలేదు. 2015లో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకొని అధికారులను నిలదీసింది. 2016లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎథిలీన్ వాయువుతో పళ్ళు మాగబెట్టడానికి అనుమతి ఇచ్చింది. మోతాదు 100 పి.పి.ఎం. మించకూడదు. చల్లని, తేమగల మూసిన గదిలో కాయలు పెట్టి, ఒకరోజు అటూఇటుగా ఎథిలీన్ వదులుతారు. తర్వాత కాయలే సొంత ఎథిలీన్ తయారుచేసుకొని నాలుగైదు రోజులలో పండుతాయి. చాలామంది ఈ రెండు పద్ధతులనూ కలిపి "మందు పెట్టిన పళ్ళు" అని ఒకే గాటన కడతారు. ఇది సరికాదని నా అభిప్రాయం. ఎథిలీన్ గదిలో జరిగేది నానీ మంచం కింద జరిగేదే. గది పెద్దది, లెక్క కచ్చితం, అంతే. గడ్డి అన్నారం నుంచి బాటసింగారానికి తరలిన మన పండ్ల మార్కెట్టుకు సీజనులో లారీలకు లారీలు కాయలు వస్తాయి. అన్నిటికీ గడ్డి పరిచే చోటు ఎక్కడ?

అయితే ఎథిలీన్ కూడా లేతకాయను తీపి పండుగా మార్చలేదు. లోపల పిండిపదార్థం నిండకముందే కోస్తే, చక్కెరగా మారడానికి సరుకే ఉండదు. ముదిరిన కాయకు తొడిమ పక్కన భుజాలు పైకి లేస్తాయి. బకెట్లో నీళ్ళు పోసి వేస్తే ముదురు కాయ మునుగుతుంది, లేతకాయ తేలుతుంది. రైతు తొందరపడి ఎందుకు లేతకాయ కోస్తాడంటే, ఏప్రిల్ మొదట్లో వచ్చే ధర మే నెలలో రాదు. కార్బైడు కథకు మూలం అక్కడే ఉంది.

ఈ సెలవుల్లో మీరూ ఒక ప్రయోగం చేయండి. ఒకే సైజు, ఒకే పచ్చిదనం ఉన్న ముదురు టమాటాలు ఎనిమిది తీసుకోండి. మూడు కాగితపు సంచులు కావాలి. మొదటి సంచిలో నాలుగు టమాటాలు మాత్రమే పెట్టండి. రెండోదానిలో నాలుగు టమాటాలతో పాటు బాగా పండిన అరటిపండు ఒకటి పెట్టండి. మూడోదానిలో ఇంకో అరటిపండుతో పాటు పుల్లగా ఉన్న ద్రాక్ష గుత్తి పెట్టండి. మూతులు మడిచి మూడింటినీ గదిలో ఒకే చోట ఉంచండి. రోజూ ఒకే వేళకు తెరిచి, ఏది ఏ రంగులో ఉందో నోటుబుక్కులో రాసుకోండి. మూడో సంచి నుంచి రోజుకు ఒక పండు తిని చూసి, దాని రుచి కూడా రాయండి. ద్రాక్ష తియ్యబడిందా?